జన్యువు దొరికాక ఏమైంది?

గుండ్రాలు ఆడవాళ్లు, చదరాలు మగవాళ్లు. జబ్బు చేసినవాళ్ల బొమ్మను నల్లగా నింపాలి. పోయినవాళ్ల మీదుగా ఏటవాలుగా ఒక గీత కొట్టాలి. మేనరికమైతే మొగుడూ పెళ్లాల మధ్య ఒక గీత బదులు రెండు. నిరుడు మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ అని తేలాక, మూడు తరాల లెక్క రాసుకు రమ్మని డాక్టరమ్మ అడిగితే, భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచి ఈ బొమ్మ గీయడానికి కూర్చున్నాను. అరగంట పని అనుకున్నది మూడు రోజులు పట్టింది. అమ్మమ్మ చెల్లెలు దేంతో పోయిందని అడిగితే ఒకరు "కడుపులో ఏదో గడ్డ" అన్నారు, ఇంకొకరు "ఎవరి దిష్టో" అన్నారు. పెళ్లయి వేరే ఊళ్లకు వెళ్లిపోయిన ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి గీతలు ఆగిపోయాయి. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, జన్యువు మారదు. మన జ్ఞాపకం మాత్రం ఇంటిపేరు వెంటే నడుస్తుంది.

సరిగ్గా ఇలాంటి బొమ్మలతోనే మేరీ-క్లెయిర్ కింగ్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త 1974 నుంచి 1990 దాకా పదహారేళ్లు గడిపారు. రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందని, దానికి కారణమైన జన్యువు పదిహేడో క్రోమోజోమ్ మీద ఉందని చివరికి చూపించారు. నేడు ఆసుపత్రుల్లో 'బ్రాకా టెస్ట్' అని పిలుస్తున్న పరీక్షకు మూలం అదే. ఆమె పరిశోధనా జీవితాన్ని మధ్యలో నిలబెట్టుకుని, క్యాన్సర్ జన్యువుల వేట మొత్తాన్ని ఒకసారి తిరగేయాలని ఈ వ్యాసం.

ఎందుకంటే "క్యాన్సర్ జన్యువును కనుగొన్న శాస్త్రవేత్తలు" అని పేపర్లో పడ్డప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. సరే, దొరికింది. ఆ తర్వాత? జన్యువు దొరికిన రోజుకూ దాని వల్ల ఒక రోగి బతికిన రోజుకూ మధ్య ఎన్నేళ్లు పట్టింది, ఎవరి దాకా వచ్చింది అన్నది ఎవరూ వార్తగా రాయరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పట్టుకోవడం కన్నా అందించడమే పెద్ద పని, ఆ రెండో పని చరిత్ర మనకు సరిగా తెలియదు.

మొదట కొంచెం వెనక్కి వెళ్దాం. 1914లో జర్మనీలో థియోడర్ బొవేరి, సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి గుడ్లను చూసీ చూసీ, కణం విడిపోయేటప్పుడు క్రోమోజోముల పంపకం చెడితే కంతులు పుడతాయేమోనని రాశాడు. నిరూపించే సాధనం లేదు. మనిషికి క్రోమోజోములు 46 అన్న లెక్కే 1956 దాకా తేలలేదు మరి. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఒకానొక రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో ఒక బుల్లి క్రోమోజోమ్‌ను చూశారు. ఆ క్యాన్సర్ పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. రోగి తర్వాత రోగిలో అదే పొట్టి క్రోమోజోమ్. ఊరి పేరే దానికి పెట్టారు. అది ఎందుకు పొట్టిదైంది, తెగిపోయిన ముక్క ఏమైంది అన్నది మాత్రం పన్నెండేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ ముక్కను వెతికి పట్టింది జానెట్ రౌలీ. షికాగోలో డాక్టరు, నలుగురు మగపిల్లల తల్లి. పిల్లలు పెద్దయ్యేదాకా వారానికి మూడు నాలుగు రోజులే ఉద్యోగం. మైక్రోస్కోపులో తీసిన క్రోమోజోముల ఫోటోలు ఇంటికి తెచ్చుకుని, కత్తెరతో ఒక్కోటీ కత్తిరించి, భోజనాల బల్ల మీద జతలు పేర్చేవారు. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుని జీతం తెచ్చుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట. అప్పటికి క్రోమోజోముల మీద చారలు కనిపించేలా రంగు వేసే పద్ధతి కొత్తగా వచ్చింది. ఆ చారలు చూసుకుంటూ పోతే, ఇరవై రెండో క్రోమోజోమ్‌లో పోయిన ముక్క తొమ్మిదో దాని చివర అతుక్కుని ఉంది. 1973లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. క్యాన్సర్‌లో క్రోమోజోములు చెదరడం జబ్బు ఫలితమే తప్ప కారణం కాదని అప్పటిదాకా పెద్దలు అనుకునేవారు. ఆ మాట చెల్లదని కత్తెర ముక్కలే చూపించాయి.

అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి ఒక కొత్త ఎంజైము పుడుతోందని, అది ఎప్పటికీ ఆగని స్విచ్చులా కణాన్ని పెంచుతూనే ఉంటుందని 1980ల్లో తేలింది. ఆ స్విచ్చును ఆపే ఇమాటినిబ్ అనే మందును నికొలస్ లైడన్ బృందం తయారు చేస్తే, ఒరెగాన్‌లో బ్రయాన్ డ్రూకర్ 1998లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టాడు. తగినంత మోతాదు తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం లెక్కలు మామూలయ్యాయి. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. బుల్లి క్రోమోజోమ్ కనబడ్డ నాటి నుంచి 41 ఏళ్లు.

అక్కడితో అయిపోలేదు, కథ హైదరాబాద్‌కు వచ్చింది. ఇమాటినిబ్‌ను నోవార్టిస్ కంపెనీ 'గ్లివెక్' పేరుతో అమ్మేది, అప్పట్లో ఇక్కడ నెలకు లక్ష రూపాయల పైమాట. 2003లో హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా 'వీనాట్' పేరుతో అదే మందును అందులో పదో వంతుకు అటూ ఇటూగా అమ్మడం మొదలుపెట్టింది. పేటెంటు తగాదా మొదలైంది. మద్రాసు పేటెంటు కార్యాలయం 2006లో దరఖాస్తును తోసిపుచ్చింది, కేసు ఢిల్లీ దాకా వెళ్లింది, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును కొట్టేసింది. పాత పదార్థానికే కొత్త స్ఫటిక రూపం ఇచ్చినంత మాత్రాన, రోగికి అదనంగా గుణం చేస్తుందని చూపించనిదే పేటెంటు రాదన్నది మన చట్టంలోని మూడు-డి సెక్షన్. చాలామందికి ఉచితంగానే ఇస్తున్నామని కంపెనీ వాదించింది. అది వట్టి మాటేమీ కాదు, ఇచ్చింది కూడా. అయినా జీవితాంతం రోజూ మింగాల్సిన బిళ్ల కోసం ఒక కంపెనీ దయ మీద ఆధారపడటం వేరు, వీధి చివర మందుల షాపులో కొనుక్కోగలగడం వేరు. రౌలీ బల్ల మీది కాగితం ముక్కల చరిత్రలో ఈ కోర్టు తీర్పు కూడా ఒక అధ్యాయమేనని నేను అంటాను. విజ్ఞాన చరిత్ర పుస్తకాల్లో మాత్రం అది ఉండదు.

రౌలీ చూసింది ఒంట్లో మధ్యలో పుట్టే తేడా, తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. వారసత్వంగా వచ్చే క్యాన్సర్ సంగతి వేరు. దానికి తాళంచెవి ఇచ్చింది 1971లో హ్యూస్టన్‌లో ఆల్‌ఫ్రెడ్ నుడ్సన్. కంటిలో కంతి వచ్చిన 48 మంది పిల్లల పాత రికార్డులు ముందు వేసుకుని లెక్క కట్టాడు. కొందరికి రెండు కళ్లలోనూ, బాగా పసితనంలోనే వస్తోంది. కొందరికి ఒకే కంట్లో, కాస్త ఆలస్యంగా. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులు, అమ్మదొకటి నాన్నదొకటి. రెండూ చెడితేనే కంతి అనుకుంటే ఈ వయసుల లెక్క సరిగ్గా కుదిరింది. పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్న బిడ్డకు ఇంకొక్క దెబ్బ చాలు. ఆ జన్యువు చేతికి చిక్కింది 1986లో. పదిహేనేళ్ల ముందే కాగితం మీద దొరికిందన్నమాట.

ఇక కింగ్. 1946లో షికాగో పక్కన పుట్టారు. పదిహేనేళ్ల వయసులో ప్రాణస్నేహితురాలు క్యాన్సర్‌తో పోయింది. కాలేజీలో చదివింది గణితం. బర్క్‌లీలో అలన్ విల్సన్ దగ్గర పీహెచ్‌డీ చేస్తూ మనిషి ప్రోటీన్లనూ చింపాంజీ ప్రోటీన్లనూ పోల్చి, జన్యుపరంగా రెండింటికీ 99 శాతం పోలిక ఉందని చూపారు. 1975లో 'సైన్స్' ముఖచిత్ర కథనంగా వచ్చిన ఆ పని ఒక్కటి చాలు, ఇంకొకరైతే దాని మీదే జీవితం వెళ్లబుచ్చుకునేవారు. మధ్యలో చిలీ వెళ్లి పాఠాలు చెప్పారు. 1973లో అక్కడ సైనిక కుట్ర జరిగాక వెనక్కి వచ్చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరికిన ఉద్యోగం రొమ్ము క్యాన్సర్ మీద.

అప్పుడు అందరి చూపూ వైరస్‌ల మీద. రొమ్ము క్యాన్సర్ లాంటి మామూలు జబ్బుకు ఒక జన్యువు కారణం కావడమేమిటి, వందల కారణాలు కలిస్తే గానీ రాదు కదా అన్నారు. ఆ అభ్యంతరం తప్పేం కాదు. చాలామంది రోగుల విషయంలో అది నిజం కూడా. కింగ్ వాదన వేరు: అందరిలో కాదు, కొద్ది కుటుంబాల్లో ఒకే జన్యువు నడిపిస్తుండవచ్చు, ఆ కొద్దిమందిని గుంపులోంచి విడదీయగలిగితే చాలు. 55 ఏళ్ల లోపు జబ్బు బయటపడిన 1,579 మంది రోగుల కుటుంబాలను లెక్కలోకి తీసుకుని, 1988లో ఆమె బృందం చెప్పింది ఏమంటే, సుమారు 4 శాతం కుటుంబాల్లో జబ్బు తరం నుంచి తరానికి దిగే తీరు ఒకే బలమైన జన్యువు ఉందనుకుంటేనే అర్థమవుతుందని. ఇది ఇంకా లెక్కే. జన్యువు ఎక్కడుందో తెలియదు.

వెతికే పద్ధతి ఇది. క్రోమోజోముల పొడవునా మనిషికీ మనిషికీ తేడా ఉండే చోట్లు ఉంటాయి, వాటిని గుర్తులుగా వాడతారు. ఒక ఇంట్లో జబ్బు చేసిన ఆడవాళ్లందరికీ ఒకే గుర్తు వస్తూ, జబ్బు లేనివాళ్లకు రాకుండా ఉంటే, జన్యువు ఆ చుట్టుపక్కలే ఉందన్నమాట. ఊరు తెలిసింది, ఇల్లు ఇంకా తెలియలేదు. 23 కుటుంబాలు, 146 మంది రోగులు. ఒక్కో గుర్తూ పరీక్షిస్తూ పోయారు, ఏళ్ల తరబడి 'కాదు', 'కాదు' అనే జవాబు. పదిహేడో క్రోమోజోమ్ మీది ఒక గుర్తు దగ్గర కొన్ని కుటుంబాలు 'అవును' అంటుంటే మరికొన్ని గట్టిగా 'కాదు' అన్నాయి. మొత్తం కూడితే సున్నాకు వచ్చేస్తోంది. అప్పుడు కుటుంబాలను ఒక క్రమంలో పేర్చారు: ఏ ఇంట్లో సగటున చిన్న వయసులో జబ్బు వచ్చిందో అది పైన, పెద్ద వయసులో వచ్చినవి కింద. అంతే. పై వరసలో 'అవును'లన్నీ ఒకచోట చేరాయి, కింద 'కాదు'లు. పెద్ద వయసులో వచ్చిన రొమ్ము క్యాన్సర్లు చాలావరకు ఈ జన్యువుతో సంబంధం లేనివి. అవి కలిసిపోవడం వల్ల లెక్క పాడైంది. నుడ్సన్‌కు దారి చూపింది వయసే, కింగ్‌కూ వయసే. కొత్త యంత్రం ఏదీ కాదు, కాగితాల వరస మార్చడం. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

1990 అక్టోబరులో సిన్సినాటీ సభలో ఆమె ఈ సంగతి చెప్పాక ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ పదిహేడో క్రోమోజోమ్ మీద పడ్డాయి. 1991లో ఫ్రాన్స్ బృందం అదే చోటును అండాశయ క్యాన్సర్ కుటుంబాల్లోనూ చూసింది. ఆ జన్యువును, అంటే బ్రాకా-1ను, ముందుగా చేతికి చిక్కించుకున్నది మాత్రం కింగ్ కాదు, 1994లో యూటాలో మార్క్ స్కోల్నిక్ బృందం. వాళ్ల వెనక మిరియడ్ జెనెటిక్స్ అనే కంపెనీ ఉంది. మరుసటి ఏడాది ఇంగ్లండులో మైక్ స్ట్రాటన్ బృందం పదమూడో క్రోమోజోమ్ మీద బ్రాకా-2ను పట్టింది. రెండు జన్యువుల మీదా మిరియడ్ పేటెంట్లు తెచ్చుకుంది. అమెరికాలో పరీక్ష ఆ కంపెనీయే చేయాలి, మూడు వేల డాలర్ల పైన కట్టాలి, ఫలితం మీద అనుమానం వస్తే ఇంకో ల్యాబ్‌లో చూపించుకునే దారి లేదు. ఒంట్లో పుట్టిన జన్యువు మీద ఒక కంపెనీకి హక్కేమిటని కోర్టుకెక్కారు. 2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు, ప్రకృతిలో ఉన్న డీఎన్ఏను వేరుచేసినంత మాత్రాన పేటెంటు ఇవ్వకూడదని ఏకగ్రీవంగా తేల్చింది. ఢిల్లీలో గ్లివెక్ తీర్పు వచ్చి అప్పటికి రెండున్నర నెలలు. రెండు దేశాలు, రెండు వేర్వేరు చట్టాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేం.

ఆ ఏడాది మే నెలలోనే నటి ఏంజెలీనా జోలీ తనకు బ్రాకా-1 లోపం ఉందని, ముందుజాగ్రత్తగా రొమ్ములు తీయించుకున్నానని పత్రికలో రాసింది. పరీక్షల కోసం జనం బారులు తీరారు. ఆ గొడవ అందరికీ తెలిసిందే.

జన్యువు తెలిస్తే మందు వస్తుందా? బ్రాకా విషయంలో వచ్చింది, అదీ వింత దారిలో. బ్రాకా జన్యువుల పని తెగిన డీఎన్ఏను అతికించడం. చెరువుకు రెండు తూములున్నాయనుకోండి. ఒకటి పూడిపోయినా రెండోది నీటిని వదులుతుంటే కట్టకు ఢోకా లేదు. బ్రాకా చెడిన క్యాన్సర్ కణం అలా ఒక్క తూము మీద బతుకుతోంది. ఆ రెండోది పార్ప్ అనే ఎంజైము. దాన్ని మందుతో మూసేస్తే క్యాన్సర్ కణం కట్ట తెగిపోతుంది. రెండూ సరిగా ఉన్న మామూలు కణం తట్టుకుంటుంది. ఇంగ్లండులో రెండు బృందాలు 2005లో దీన్ని చూపించాయి. ఒలాపరిబ్ 2014 డిసెంబరులో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి పొందింది. సిన్సినాటీ సభకు 24 ఏళ్లు.

రాస్ జన్యువు ఇంకా మొండిది. 1982లోనే, ఒక్క అక్షరం మార్పు చాలు మూత్రాశయ కణాన్ని క్యాన్సర్‌గా మార్చడానికి అని తెలుసుకున్నారు. మందు పట్టు దొరకని నున్నని ప్రోటీను అది. 2013లో కెవన్ షోకాట్ బృందం దాని మీద ఒక చిన్న గాడి కనిపెట్టాక, 2021లో మొదటి మందు వచ్చింది. 39 ఏళ్లు. అదీ కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లకు, ఎక్కువమందికి కొన్ని నెలలపాటు.

ఇంత చెప్పాక ఎదురు ఉదాహరణ చెప్పకపోతే అన్యాయం. జన్యువు సంగతి ఎవరికీ తెలియనప్పుడే మందు వచ్చిన సందర్భాలున్నాయి. అందులో పెద్దది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసి, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇస్తే, 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావు పోయారు. డీఎన్ఏ ఆకారం తెలిసింది ఇంకో అయిదేళ్లకు. ఆ మందు బంధువు మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ మన పిల్లల వార్డుల్లో వాడుతున్నారు. అలాగే షాంఘైలో వాంగ్ జెన్‌యీ ఒకరకం రక్త క్యాన్సర్‌కు విటమిన్-ఏ నుంచి వచ్చిన మందు వాడి రోగులను నిలబెట్టాకే, అందులో చెడిన జన్యువేదో బయటపడింది. ఆ రకంలో పదిహేను, పదిహేడు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని 1977లో చూసిందీ రౌలీయే. కాబట్టి 'ముందు జన్యువు, ఆ తర్వాత మందు' అనే వరస ప్రకృతి నియమమేం కాదు, మనం కల్పించుకున్న కథనం.

కింగ్ జీవితంలో ఇంకో ముక్క ఉంది, క్యాన్సర్‌ది కాదు. అర్జెంటీనాలో 1976–83 సైనిక పాలనలో మాయమైన దంపతుల పసిపిల్లలను సైన్యం వాళ్లు పంచుకున్నారు. ఆ పిల్లల అమ్మమ్మలూ నానమ్మలూ కలిసి సంఘం కట్టి మనవలను వెతికారు. 1984 నుంచి కింగ్ వాళ్లకు తోడయ్యారు. తల్లి నుంచి మాత్రమే బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను పోల్చి, మధ్యలో తల్లి లేకపోయినా అమ్మమ్మకూ మనవరాలికీ బంధం రుజువు చేయొచ్చు. అలా ఇప్పటికి 130 మందికి పైగా తమ అసలు కుటుంబాలకు చేరారు. ఇంటిపేరు మార్చేసినా చెరగని గీత అది. ఆమె పరిశోధనంతా ఒకే పని అనిపిస్తుంది నాకు: కుటుంబం చెప్పలేకపోయినది రక్తంలోంచి చదవడం.

2006లో అమెరికాలో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ మొదలయ్యాక వేట తీరు మారిపోయింది. 33 రకాల క్యాన్సర్లు, 11 వేల మందికి పైగా రోగులు, వాళ్ల కంతుల డీఎన్ఏ. మొదటి మానవ జీనోముకు పదమూడేళ్లు పట్టింది, ఇప్పుడు రోజుల పని. దీన్నుంచి వచ్చిన మంచి పని ఒకటి చెప్పాలి. 2013లో స్ట్రాటన్ బృందమే ఏడు వేల పైచిలుకు క్యాన్సర్లను చదివి, ఒక్కో కారణం డీఎన్ఏ మీద ఒక్కో తీరు మచ్చలు వదులుతుందని తేల్చింది. సిగరెట్టు పొగది ఒక తీరు, ఎండది ఇంకో తీరు, బ్రాకా లోపానిది మరో తీరు. ఎవరి చేతిరాత వాళ్లది అన్నట్టు. మిగతా సమాచారంలో చాలా భాగం ఇంకా గిడ్డంగిలో ధాన్యంలా ఉందని నా ఫిర్యాదు. కుప్ప పెరిగింది, దంచేవాళ్లు తక్కువ.

మన సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ జీనోమ్ కూటమిలో భారత్ ఎంచుకున్నది నోటి క్యాన్సర్. కల్యాణిలోని జాతీయ సంస్థ, నవీ ముంబైలోని టాటా కేంద్రం కలిసి చేసిన ఆ పని 2013లో అచ్చయింది. పొగాకు, గుట్కా నమిలే దేశానికి అది సరైన ఎంపికే. విశాఖ, శ్రీకాకుళం తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం, దాంతో అంగిట్లో క్యాన్సర్ రావడం గురించి విశాఖ వైద్యులు 1950ల నుంచీ రాస్తున్నారు. అక్కడ జన్యు పరీక్ష కన్నా చుట్ట మాన్పించడమే పని చేస్తుంది. జన్యువు మీద మోజు పెంచుకున్నవాళ్లు ఈ మాట వినడానికి ఇష్టపడరు.

ఇంకో పక్క, వారసత్వ క్యాన్సర్ల విషయంలో మనకు మన సొంత లెక్క కావాలి. తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనజీ యూదుల్లో 40 మందిలో ఒకరికి బ్రాకా లోపం ఉంటుంది, అదీ ప్రధానంగా మూడే మూడు మార్పుల రూపంలో. తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాల్లో పాత పూర్వీకుడి మార్పు అలా నిలిచిపోతుంది. మన కులాల్లోనూ అదే జరిగిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా సహచరులతో కలిసి 2009లోనూ 2017లోనూ చూపించారు. తెలుగు వైశ్యుల్లో కొందరికి, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక మందు ప్రభావం దిగడానికి గంటలు పట్టడం అలాంటి వారసత్వమేనని మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. క్యాన్సర్ జన్యువుల్లో ఏ సమూహానికి ఏ మార్పు ఉందన్నది ఇంకా పూర్తిగా గీయని పటం. పదివేల మంది భారతీయుల జీనోములను చదివిన జీనోమ్ ఇండియా ఆ దిశగా ఒక మెట్టు.

ఇది కేవలం పరిశోధకుల ముచ్చట కాదని పిన్ని రిపోర్టు చేతికొచ్చినప్పుడు తెలిసింది. నున్నని కాగితం మీద రంగుల పట్టీలతో పేజీలకు పేజీలు. అసలు ముక్క ఒక్క వాక్యం: బ్రాకా-2లో ఒక మార్పు కనిపించింది, దాని అర్థం తేలలేదు. చెడ్డదో కాదో చెప్పాలంటే అదే మార్పు ఉన్న ఆరోగ్యవంతులు ఎందరు, రోగులు ఎందరు అని పోల్చి చూడాలి. ప్రపంచ జన్యు నిధుల్లో ఎక్కువ పాలు యూరప్ మూలాలవాళ్లవే. వాళ్లలో కనపడని మార్పు మనలో కనబడితే అది అరుదైన లోపమో, మన ఊళ్లో మామూలు సంగతో తెలియదు. ఇలాంటివాటిలో చాలావరకు తర్వాత నిరపాయకరమైనవిగానే తేలతాయని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. "తెలియదని చెప్పడానికి ఇన్ని పేజీలా?" అంది పిన్ని.

మేనరికాల వల్లే ఇదంతా అని బంధువుల్లో ఒకరు తేల్చేశారు. నా బొమ్మలో జంట గీతలు రెండు చోట్ల ఉన్న మాట నిజమే. కానీ బ్రాకా లోపం రావడానికి ఒక్క చెడ్డ ప్రతి చాలు, అమ్మానాన్నలు చుట్టాలు కానక్కర్లేదు. ఇద్దరూ అదే లోపం మోస్తే బిడ్డకు రెండు ప్రతులూ చెడి ఫాంకోనీ ఎనీమియా అనే వేరే తీవ్రమైన జబ్బు రావచ్చు. అది వేరే లెక్క.

2014లో లాస్కర్ బహుమతి అందుకున్నప్పుడు కింగ్ ఒక పెద్ద మాట అన్నారు: ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ బ్రాకా పరీక్ష అందుబాటులో ఉండాలని. ఆధారాల్లో ఒకటి ఆమె 2003లో న్యూయార్క్‌లో చేసిన పని. 1,008 మంది అష్కెనజీ రోగులను చూస్తే, లోపం ఉన్నవాళ్లలో సగం మందికి చెప్పుకోదగ్గ కుటుంబ చరిత్రే లేదు. చిన్న కుటుంబాలు, లేదా లోపం తండ్రి వైపు నుంచి మగవాళ్ల ద్వారా నిశ్శబ్దంగా వచ్చింది. అదే అధ్యయనంలో ఇంకో లెక్క నన్ను ఆపేసింది. లోపం ఉన్నవాళ్లలో 1940కి ముందు పుట్టినవారికి యాభై ఏళ్ల లోపు జబ్బు వచ్చే అవకాశం 24 శాతం, ఆ తర్వాత పుట్టినవారికి 67 శాతం. జన్యువు అదే, కాలం మారింది. వ్యాయామం, చిన్నతనపు బరువు లాంటివి తేడా తెస్తున్నాయని ఆమె రాశారు. జన్యువును తలరాతగా చూసేవాళ్లకు ఆ జన్యువు చోటును కనిపెట్టిన మనిషే ఇచ్చిన జవాబు ఇది.

అందరికీ పరీక్ష అన్న ఆమె మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. అమెరికాలో అది న్యాయమైన కోరిక. ఇక్కడ ఏటా లక్షా తొంభై వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడుతోంది, చాలామంది ముదిరాకే వస్తున్నారు. ముందు గడ్డను తడిమి చూసే నర్సు, ఆ తర్వాత బయాప్సీ, ఆ తర్వాత మందు ఖర్చు. వచ్చిన రిపోర్టును తెలుగులో కూర్చోబెట్టి చెప్పే కౌన్సెలర్ లేకుండా కోట్ల మందికి 'అర్థం తేలలేదు' అనే కాగితం చేతిలో పెడితే ఎవరికి మేలు? రోగికీ, ఆ ఇంటివాళ్లకూ తప్పకుండా చేయాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇప్పుడే కాదు. నా మాట తప్పని పదేళ్లకు తేలితే సంతోషమే.

కీమో అయిపోయిన రెండు నెలలకు పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆ బొమ్మలో మా నాన్న వైపు వాళ్లని రాశావా?" రాయలేదు. రొమ్ము క్యాన్సర్ అనగానే అందరం అమ్మమ్మ వైపే అడిగాం. "మా బాబాయికి ఛాతీ మీద పుండు పడింది, గుంటూరు తీసుకెళ్లి కోయించారు. మగాడికి ఆ జబ్బని చెప్తే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదంట. మొన్న మా పిన్ని చెప్పింది." మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చాలా అరుదు, కుటుంబంలో అది ఉందంటే డాక్టర్లు మొదట అనుమానించేది బ్రాకా-2నే. కాగితం బయటికి తీసి, తాతయ్య చదరం పక్కన ఇంకో చదరం గీసి నల్లగా నింపాను. మర్నాడు దాని ఫోటో డాక్టరమ్మకు పంపితే, చిన్నతాత పిల్లలు ఎక్కడున్నారని అడిగింది. ఒకాయన తెనాలిలో ఉన్నాడు, ఆయనకు ఇద్దరు కూతుళ్లు.